మధ్యగోడకు తలుపు

కర్టెన్ల కొట్టు పైగది,
సోమవారం

చెల్లాయ్,

కొట్టు అమ్మేశాను, కత్తిరించే బల్లతో సహా. కొన్నాయన అందులో కళ్ళజోళ్ళ దుకాణం పెడతాడట. నేను ఖాళీ చేసేదాకా పైగది మాత్రం నాదే.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఫోనైతే "సరే అక్కా, బస్సు టైమైంది" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక చస్తావా.

ఇక విను. నీ ఇంటిని ఆనుకుని ఉన్న రెండో సగం, ఆ బ్యాండు మాస్టారిది, నేను కొంటున్నాను. ఆయన అమ్ముతాడట అని నువ్వు మాటవరసకి రాశావు చూడు, ఆ రోజే నిర్ణయించేసుకున్నాను. నన్నడగలేదేం అంటావా, అడిగితే నువ్వు ఆలోచిస్తావు. ఆలోచన నీకు పడదు, చిన్నప్పటి నుంచీ తలనొప్పి వస్తుంది.

నేనేదో నా కోసం వస్తున్నాననుకోకు. నాకిక్కడేం తక్కువ? నీ అవస్థ చూడలేక వస్తున్నాను. రోజంతా సిటీ బస్సు తోలి ఇంటికొస్తే నీతో ఒక మాట మాట్లాడే దిక్కులేదు. మా మరిది సంగతి తెలిసిందేగా, పెళ్ళి కొత్తలో ఏం మాట్లాడాడో అదే ఆఖరు.

మధ్యగోడకి ఒక తలుపు పెట్టిద్దాం, నా వంటగదిలోంచి నీ వంటగదిలోకి. అప్పుడు నేను మెట్లు దిగి, వీధిలో నడిచి, మళ్ళీ నీ మెట్లెక్కే పని ఉండదు. ఫోటోలో చూశాను, అక్కడ నీ బీరువా అడ్డముంది. దాన్ని కిటికీ వైపు జరిపించు. ఆ కిటికీ కర్టెను రంగేమిటే, జ్వరమొచ్చిన మొహంలా?

డబ్బు నీ ఖాతాకి పంపమని బ్యాంకులో కాగితం ఇచ్చాను. అందగానే మాస్టారికి ఇచ్చేసి రిజిస్ట్రేషను చేయించు. బ్యాంకు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. దేశం దాటి ఇంత డబ్బు పోతుంటే ప్రశ్నలడగాలట. "ఈ డబ్బు పంపమని ఎవరైనా మీమీద ఒత్తిడి తెస్తున్నారా?" అన్నాడు. "నాయనా, మా ఇంట్లో ఒత్తిడి తెచ్చేది నేనే" అన్నాను. "అందుకునే ఆవిడ నమ్మకమైన మనిషేనా?" అన్నాడు. "నమ్మకమా, నా పెద్ద కత్తెర పట్టుకెళ్ళి ఇప్పటిదాకా తిరిగివ్వలేదు" అన్నాను. పాపం, నవ్వు రాలేదు ఆయనకి. కీబోర్డు టకటకలాడటం మాత్రం వినిపించింది.

నాలుగు రోజుల్లో అందుతుందట. బీరువా మర్చిపోకు.

నీకంటే పెద్దదైన,
అక్క


బస్సు డిపో, భోజనాల గది,
గురువారం

అక్కా,

నీ ఉత్తరం చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను. సంతోషం.

డబ్బు వచ్చేదాకా ఇల్లు ఇంకెవరికీ చూపించనని మాస్టారు మాటిచ్చాడు. పాపం సామాను సర్దడం కూడా మొదలుపెట్టాడు. చిన్న వాయిద్యాలన్నీ పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. ఆ పెద్ద బాకా ఒకటుంది చూడు, మనిషి పట్టేంతది, దాన్ని మాత్రం ఆఖర్న సర్దుతాడట. ఈలోగా తోచక దాన్నే ఊదుతున్నాడు. గోడ ఇవతల మా గిన్నెలు అదురుతున్నాయి.

తలుపు గురించి మేస్త్రీని అడిగాను. అది ఇంటి బరువు మోసే గోడట, ముట్టుకుంటే కొంప కూలుతుందన్నాడు. కాబట్టి తలుపు కుదరదు, ఏం చేస్తాం. బీరువా కూడా అక్కడే ఉండనీ, చాలా బరువు.

మీ మరిది నీ ఉత్తరం చదివి పెరట్లో షెడ్డులోకి వెళ్ళాడు. కుర్చీ ఏదో బాగుచేసుకుంటున్నాడు. భోజనం అక్కడికే పట్టుకెళ్తున్నాను.

డబ్బింకా రాలేదు. తొందరేం లేదక్కా, నువ్వు బాగా ఆలోచించుకో. ఇక్కడ చలి ఎక్కువ. మెట్లూ ఎక్కువే. గాలి కూడా.

బస్సు టైమైంది.

చెల్లి


కర్టెన్ల కొట్టు పైగది,
బ్యాంకు నుంచి రాగానే

చెల్లాయ్,

మన పని బ్రహ్మాండంగా తగలడింది.

బ్యాంకుకి రమ్మంటే వెళ్ళాను. ఫోన్ చేసిన ఆయనే. నడివయసు మనిషి, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని బల్లంతా వెతుక్కుంటాడు. పేరేదో చెప్పాడు కానీ నేను అనుమానాల సారు అని పెట్టుకున్నాను. "డబ్బు అందుకునే వ్యక్తి మీద పాత దొంగతనం ఫిర్యాదు ఉందండీ" అన్నాడు. ఎవరిచ్చారయ్యా ఫిర్యాదు అంటే, "మీరే" అని కంప్యూటర్ నా వైపు తిప్పాడు. పెద్ద కత్తెర, ఒకటి, వాపసు రాలేదు.

అది హాస్యమయ్యా మహానుభావా అన్నాను. "హాస్యమని రాయడానికి మాకు గడి లేదండీ" అన్నాడు. పోనీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాను. అలా తీసుకుంటే ఎవరో నన్ను బెదిరించినట్టు లెక్కట. చిలక్కి చెప్పినట్టు చెప్పాను, నా తల ప్రాణం తోకకొచ్చింది.

సొంత చెల్లెలే అని కాగితాలు చూపించాను. ఒక్క కడుపున పుట్టారని వాటిల్లో ఉంది కానీ, ఇప్పుడు కూడా మీరు అక్కాచెల్లెళ్ళుగానే ఉన్నారని ఏమిటి రుజువు అంటాడు. ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలుంటే పరిశీలిస్తాడట. చేతిసంచిలో నీ ఉత్తరం ఉంటే తీసిచ్చాను. అక్కడే కూర్చుని చదివాడు. "ఈవిడ మిమ్మల్ని రావద్దంటున్నట్టుంది కదండీ?" అన్నాడు. నేను మళ్ళీ చదివాను. చలి, మెట్లు, గాలి. "అబ్బే, నేనెక్కడ జారిపడతానో అని దాని బెంగ" అన్నాను. అంతే కదా?

ఇక నుంచి నువ్వు రాసేవన్నీ ఆయన చదువుతాడు. నేను నీకు రాసేవాటికి నకలివ్వాలి. దీన్ని చూపించనులే. కాస్త చూసుకుని రాయి, తియ్యగా, పదిమందిలో చదివినా బాగుండేలా.

అన్నట్టు, ఇక్కడి మేస్త్రీని అడిగాను. బరువు మోసే గోడకైనా పైన దూలం వేసి తలుపు పెట్టొచ్చట. నీ మేస్త్రీకి పని రాదు, మార్చు.

అక్క


నీ రాక కోసం ఎదురుచూసే గూడు నుంచి,
ఆదివారం

ప్రాణసమానురాలైన అక్కయ్యకి,

నీ ఉత్తరం అందిన రోజు బస్సు దానంతటదే నడిచినట్టనిపించింది. ప్రయాణికులకు ఏమీ కాలేదు.

నువ్విచ్చే ప్రతి సలహా బంగారం. నేను అడక్కముందే ఇస్తావు చూడు, అది మరీ బంగారం. బీరువా జరపాలన్న నీ ఆలోచన వచ్చిన నాటి నుంచి నేనూ బీరువా కూడా నీ కోసమే చూస్తున్నాం. మీ మరిది ఆనందం పట్టలేక షెడ్డులోనే ఉండిపోయాడు.

మాస్టారి బాకా వింటుంటే నువ్వే పిలుస్తున్నట్టుంది.

ఈ డబ్బు పంపమని నేను ఏనాడూ అక్కయ్యను ఒత్తిడి చేయలేదని, చేయబోనని, ఈ వాక్యాన్ని నా చేత ఎవరూ రాయించలేదని కూడా ఇందుమూలంగా మనవి.

నీ పాదధూళి,
చిట్టి చెల్లి


ప్రేమతో నిండిన పైగది,
శుక్రవారం

బంగారు చెల్లికి,

నీ ఉత్తరం గుండెలకి హత్తుకున్నాను. బొత్తాం గుచ్చుకుంది, అయినా హత్తుకునే ఉన్నాను.

నీలాంటి చెల్లెలు ఏ అక్కకి ఉంటుంది తల్లీ. ఎదురు చెప్పవు. అబద్ధమాడవు. కత్తెర గురించి నువ్వు బెంగపడకు, అది నీ చేతిలోనే అందంగా ఉంటుంది. నా రెండో కత్తెర కూడా నీదే. సూదులు కావాలా? కొలత టేపు కావాలా?

నీ ఇంట్లో నేనొక మూల నోరు మూసుకుని కూర్చుంటాను.

నీ అక్క

(నకలు బ్యాంకులో ఇచ్చేశాను. కింద ఈ ముక్క నీ ఒక్కదానికే రాస్తున్నాను. ఆ కర్టెను రంగు మాత్రం నిజంగా బాగాలేదు.)


పైగది,
మళ్ళీ సోమవారం

చెల్లాయ్,

మన తియ్యటి ఉత్తరాలు రెండూ వెనక్కి వచ్చాయి.

సారు వాటిని పక్కపక్కన పెట్టుకుని ఎర్ర పెన్సిలుతో గీతలు గీశాడు. "అమ్మా, నాకు ఇద్దరు అక్కలున్నారు. ఇలా ఎవరూ రాయరు. ఎవరో పక్కన నిలబడి రాయించినట్టుంది" అన్నాడు. తియ్యగా మాట్లాడటం మోసగాళ్ళ మొదటి లక్షణమని వాళ్ళకి శిక్షణలో చెప్పారట. ముఖ్యంగా నేను నోరు మూసుకుని కూర్చుంటానన్న వాక్యం నమ్మశక్యంగా లేదట. దాని కింద రెండు గీతలున్నాయి.

బ్యాంకులో అందరూ మన ఉత్తరాలు చదువుతున్నట్టున్నారు. కౌంటర్లో అమ్మాయి నన్ను ఆపి "మీ మరిదిగారు షెడ్డులోంచి వచ్చారా అండీ?" అని అడిగింది. ఇంకా లేదంటే పాపం చిన్నబుచ్చుకుంది.

నెలాఖరు దాటితే మాస్టారు ఆ ఇంటిని డ్రమ్ములు నేర్పే ఆయనకి ఇచ్చేస్తాడని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. సహజంగా ఉండే ఉత్తరం ఒక్కటి రాయి చాలు. సహజంగా అంటే ఎలాగో నువ్వే ఆలోచించు. తలనొప్పి వస్తే మాత్ర వేసుకో.

ఈలోగా నేను ఖాళీగా కూర్చోలేదు. మీ పడకగదికి కర్టెన్లు కుట్టేశాను, కొలతలు ఫోటోలో చూసి. మీ డిపో మేనేజరుకి ఉత్తరం రాశాను, నీకు పొద్దుటి డ్యూటీయే వెయ్యమని. సాయంత్రాలు నువ్వు నాతో ఉండాలి కదా. నీకు చిన్నప్పుడు చీకటంటే భయమన్న సంగతి కూడా రాశాను, త్వరగా జాలిపడతాడని. ఇక మరిదికి ఆ షెడ్డు ఎందుకు? నా కుట్టుమిషను అందులో పెట్టుకుంటాను.

అక్క


బస్సు డిపో మెట్లమీద,
బుధవారం

అక్కా,

ఇది బ్యాంకుకి కాదు, నీకు. ఎవరికీ చూపించకు.

మా మేనేజరు నీ ఉత్తరాన్ని భోజనాల గదిలో అందరి ముందూ చదివాడు. ఇప్పుడు డిపోలో నన్ను చూస్తే లైట్లు వేస్తున్నారు. పట్టపగలు. నేను ఈ ఊరి వీధుల్లో అంత పొడుగు బస్సు తిప్పుతాను అక్కా, ఒక్కరోజు కూడా దేన్నీ గీకలేదు. నువ్వొక కాగితం ముక్కతో నన్ను పసిపిల్లని చేసేశావు.

అందుకని నిజం రాస్తున్నాను. నేను ఏ మేస్త్రీనీ అడగలేదు. గోడ బరువు మోస్తుందో లేదో నాకు తెలియదు. తలుపు నాకే వద్దు.

నీ జన్మలో ఒక్క తలుపైనా కొట్టి లోపలికి వచ్చావా? నేను స్నానం చేస్తుంటే వచ్చి నీళ్ళు ఎక్కువ పోసుకుంటున్నావన్నావు. పరీక్ష రాస్తుంటే బడి కిటికీలోంచి తల పెట్టి నడుము వంచి కూర్చోకన్నావు. పెళ్ళయిన కొత్తలో, మేమింకా అక్కడే ఉన్నప్పుడు, మా గదిలోకి వచ్చి దిండ్లు సర్దిపోయావు. మేమిద్దరం ఆ దిండ్ల మీదే ఉన్నాం. ఆయన నోరు ఆ రోజు పడిపోయింది. పుట్టుకతో మౌని కాదు మీ మరిది, నువ్వు చేశావు.

కత్తెర నేను తీసుకోలేదు. నా పెట్టె నువ్వే సర్దావు, నన్ను ముట్టుకోనివ్వలేదు. అడుగున కత్తెర నువ్వే పెట్టావు. ఇక్కడికొచ్చి పెట్టె విప్పాక చూశాను. అడక్కుండా పెట్టింది నువ్వు, దొంగనైంది నేను, అదీ రెండు దేశాల బ్యాంకుల్లో.

నా కోసం వస్తున్నానంటావు. నాకేం అవస్థ లేదు. ఆయన మౌనం నాకు అలవాటు, నాకు ఇష్టం కూడా. నీ కోసం వస్తున్నానని ఒక్కసారైనా రాశావా? ఎప్పుడు చూడు నన్ను ఉద్ధరించడానికే బయల్దేరతావు. నీకంటే బాకా నయమనిపిస్తోంది. ఊపిరి తీసుకోవడానికైనా అది మధ్యలో ఆగుతుంది.

వద్దక్కా. రాకు. డ్రమ్ములాయన్నే కొనుక్కోనీ.

చెల్లి


పైగది,
శనివారం

చెల్లికి,

నీ ఉత్తరం చదివి, డబ్బు పంపొద్దని చెప్పడానికే బ్యాంకుకి వెళ్ళాను. ఒట్టు.

"ఎందుకు ఆపేస్తున్నారు?" అని సారు అడిగాడు. నోరు పెగల్లేదు. నాకు అలా ఎప్పుడూ అవలేదు కదా, ఏం చెయ్యాలో తోచక నీ ఉత్తరం తీసి కౌంటరు మీద పెట్టాను. చూపించొద్దన్నావని అప్పుడు గుర్తులేదు.

సారు చదివాడు. చదువుతూ చదువుతూ నుదుటి మీది కళ్ళజోడు దానంతటదే ముక్కు మీదికి జారింది. లేచి వెళ్ళి మేనేజరుకి ఇచ్చాడు. మేనేజరు దిండ్ల దగ్గర ఆగి, నన్ను చూసి, మళ్ళీ చదువుకున్నాడు. కౌంటర్లో అమ్మాయి ముక్కు చీదుకుంది. "ఇదండీ, అక్కాచెల్లెళ్ళంటే ఇదీ" అన్నాడు సారు. "కత్తెర విషయం కూడా తేలిపోయింది." ఆగవయ్యా అనేలోపు మీట నొక్కేశాడు. బ్యాంకంతా చప్పట్లు.

డబ్బు నీకు ఈపాటికి చేరి ఉంటుంది. వెనక్కి పంపించు. నేను రాను.

మీ మేనేజరుకి క్షమాపణ ఉత్తరం రాసి, మళ్ళీ నువ్వేమంటావోనని చింపేశాను. షెడ్డు మరిదిదే. ఆయనకి చెప్పు.

కత్తెర నేనే పెట్టాను, నువ్వు రాశాక జ్ఞాపకమొచ్చింది. అంత మంచి కత్తెర నీకక్కడ దొరకదనుకున్నాను. కొట్లో అన్నిటికంటే మంచిది అదే.

కొట్టు అమ్మింది నీకోసం కాదు. ఇదివరకు తెల్లారితే కింద బేరాలు, మిషను చప్పుడు, గుడ్డ చించే చప్పుడు. పెద్ద పనులు రావడం మానేశాక ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. కర్టెను కావాలని ఎవరైనా వస్తే కొలతలకని వాళ్ళింటికి వెళ్ళి, కాస్త ఎక్కువసేపు కొలిచేదాన్ని. ఇప్పుడు కింద కళ్ళజోళ్ళు వేలాడుతున్నాయి, అవి చప్పుడు చెయ్యవు. నాకిక్కడ ఒంటరిగా ఉంది చెల్లాయ్. ఇదే మొదటి ఉత్తరంలో రాయాల్సింది, నాకు రాయడం చేతకాలేదు.

డబ్బు పంపేటప్పుడు వాళ్ళేమడిగినా హాస్యమాడకు.

అక్క


బీరువా జరిపిన వంటగది,
మంగళవారం

అక్కా,

డబ్బు వెనక్కి పంపడానికి మా బ్యాంకుకి వెళ్ళాను. ఇక్కడా ఒకావిడ ఉంది, మీ సారుకి అక్క లాంటిది.

"మీమీద ఎవరైనా ఒత్తిడి తెస్తున్నారా?" అంది. లేదన్నాను. "మరి ఇల్లు కొనడానికి వచ్చిన డబ్బు ఎందుకు తిప్పి పంపుతున్నారు?" అంది. మా అక్క పక్కింట్లో ఉంటే నాకు ఊపిరాడదు, అడక్కుండా ఇంట్లోకి వచ్చేస్తుంది అన్నాను. ఆవిడ రాసుకుంటూ, "ఇప్పటిదాకా మీ ఇంటికి ఎన్నిసార్లు వచ్చారు?" అంది.

నేను ఆలోచించాను. తలనొప్పి వచ్చింది.

ఒక్కసారి కూడా రాలేదు నువ్వు. నేను పిలవలేదు, నువ్వు రాలేదు. ఒక్కసారీ గడప తొక్కని మనిషి ఎక్కడ జొరబడుతుందోనని ఇన్నేళ్ళూ భయపడుతూ కూర్చున్నాను. "రాలేదండీ" అనేసరికి నాకు ఏడుపొచ్చింది. ఏడుపుకీ వాళ్ళకి గడి లేదట. కాగితం వెనక్కి తీసుకుని బయటికొచ్చేశాను.

తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళాను. డ్రమ్ములాయన అప్పటికే వచ్చి గోడలు కొట్టి చూస్తున్నాడు, ఎంత మోగుతాయోనని. ఆయన్ని పంపేసి ఇల్లు రిజిస్ట్రేషను చేయించాను, నీ పేరు మీదే. మాస్టారు బాకా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గోడ అవతల ఒక్క చప్పుడు లేదు. మీ మరిది షెడ్డులోంచి వచ్చి, గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు. ఉన్నట్టుండి, "ఎప్పుడొస్తుంది?" అన్నాడు. మాట్లాడాడక్కా. బ్యాంకులో ఆ అమ్మాయికి చెప్పు.

ఈసారి మేస్త్రీని నిజంగానే పిలిచాను. అది బరువు మోసే గోడేనట, నేను నోటికొచ్చిన అబద్ధమాడితే అది నిజమై కూర్చుంది. మీ మేస్త్రీ చెప్పినట్టే పైన దూలం వేశాడు. బీరువా కిటికీ వైపు జరిపాం, అక్కడే బాగుంది, ఆ మాట ఇక్కడితో వదిలెయ్యి. తలుపు పెట్టించాను.

గడియ మాత్రం నా వైపు ఉంది.

తలుపు కొట్టాలి. కొట్టాక నేను రమ్మనేదాకా ఆగాలి. ఆగడమంటే ఏమీ చెయ్యకుండా, ఏమీ సర్దకుండా ఊరికే నిలబడటం. నీకది కొత్త కాబట్టి విడమరిచి రాస్తున్నాను.

చెల్లి


పైగది, పెట్టెల మధ్య,
ఆదివారం

చెల్లాయ్,

గడియ నీ వైపే ఉండనీ. మంచి పని చేశావు.

నీ ఉత్తరం బ్యాంకులో చదివి వినిపించాను, వాళ్ళే అడిగారు. మరిది మాట్లాడాడనగానే కౌంటర్లో అమ్మాయి పక్కనున్నామె చెయ్యి పట్టుకుంది. రెండుసార్లు మెల్లగా కొడితే మర్యాద, మూడోసారి కొడితే ఒత్తిడి అని సారు చెప్పాడు.

మీ పడకగది కర్టెన్లు పెట్టెలో పెట్టలేదు. తెమ్మంటే తెస్తాను.

తలుపు కొట్టడం సాధన చేస్తున్నాను. నిన్న నా వంటగది తలుపు నేనే మూసి, బయట నిలబడి, రెండుసార్లు మెల్లగా కొట్టాను. ఎవరూ రమ్మనలేదు. నువ్వు ఆగమన్నావుగా, ఆగాను. ఏమీ సర్దలేదు. అలా చాలాసేపు నిలబడ్డాను. కాళ్ళు లాగాక అప్పుడు గుర్తొచ్చింది, లోపల ఎవరూ లేరని.

అక్కడ నువ్వుంటావు కదా. టికెట్టు తీశాను.

అక్క